అంగడి నుదుట ఎవరి పేరు?

ప్రశ్న:

మేడం గారికి నమస్కారం. మాది తిరుపతి, కరకంబాడి రోడ్డు వైపు. ఇంటి ముందు గదిలో చిన్న అంగడి పెట్టుకుని ఆరేళ్లయింది. రోడ్డు దాటితే ఎదురుగానే హైస్కూలు గేటు. మా ఆయన ఆటో తోలతాడు. పోయిన వారం ఒక కూల్ డ్రింకుల కంపెనీ సేల్స్‌మన్ వచ్చి, "అక్కా, ఫ్రిజ్ ఊరికే ఇస్తాం. అంగడి మీద లైటు బోర్డు మేమే కట్టిస్తాం. మీ పేరు కూడా దాని మీద వేయిస్తాం. పక్క గోడ మీద పెయింటు వేయనిస్తే నెలకు వెయ్యి రూపాయలు" అన్నాడు. ఫ్రిజ్‌లో వాళ్ల సరుకే పెట్టాలంట. మా ఆయన ఒప్పుకోమంటున్నాడు. నాకే మనసు ఒప్పడం లేదు. మా పిల్లోడికి పదేళ్లు. టీవీలో హీరో తాగేదే కావాలని రోజూ గొడవ. అంగడి మాదే, సీసా కళ్లముందే ఉంటుంది, ఎట్లా ఆపేది? మా మామకు షుగరు ముదిరి పోయినేడు కాలి వేలు తీసేశారు. అప్పటి నుంచి నాకు భయం. నేను వద్దంటే పక్క అంగడివాళ్లు ఆ బోర్డు పెట్టించుకుంటారు. ఇంతమందిలో నేనొక్కదాన్నీ వద్దంటే ఏమవుతుంది? అయినా బోర్డు చూసినంత మాత్రాన జబ్బు వస్తుందా?

– అంగడి నడుపుకునే ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

అమ్మా,

బోర్డు వద్దనండి. గోడ కూడా ఇవ్వకండి. మీ మనసు ఎందుకు ఒప్పుకోవడం లేదో మీ ఉత్తరంలోనే ఉంది. మామగారి కాలు, పిల్లవాడి మారాం, రేపు గోడ మీదికి రాబోయే బొమ్మ, ఈ మూడింటికీ ఏదో సంబంధం ఉందని మీకు ముందే అనిపించింది. అది సరిగ్గానే అనిపించింది. ఇంట్లో మీవారితో కూర్చుని మాట్లాడేటప్పుడు పనికొచ్చే సంగతులు నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మీ ఆఖరి ప్రశ్న ముందు తీసుకుంటాను. బోర్డు చూసినంత మాత్రాన ఎవరికీ జబ్బు రాదు. చూసిన పిల్లవాడు అడుగుతాడు. ఏడిస్తే కొనిస్తాం. పండక్కో పెళ్లికో తాగేది వారానికి రెండుసార్లవుతుంది, ఎండాకాలం వచ్చేసరికి రోజూ అవుతుంది. 250 మిల్లీలీటర్ల కూల్ డ్రింకులో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. మనం తినే తిండి మొత్తం ఇచ్చే శక్తిలో ఇలా విడిగా కలిపిన చక్కెర నుంచి వచ్చేది 10 శాతం మించకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ 5 శాతం అంటే పెద్దవాళ్లకు రోజుకు సుమారు 25 గ్రాములు. పదేళ్ల పిల్లవాడికి అంతకంటే తక్కువే. అంటే ఒక్క సీసాతో ఆ రోజు కోటా దాటిపోయింది. పొద్దున తాగిన పాలలో చక్కెర, బిస్కెట్లు, సాయంత్రం టీ అన్నీ దాని మీద అదనం.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతా చేసిన మధుమేహ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని అందులో తేలింది. ఆ 10 కోట్లలో మీ మామగారు ఒకరు. షుగరుకు కారణాలు చాలా ఉన్నాయి. వంశం, వయసు, నడక తగ్గడం, పొట్ట చుట్టూ పెరిగే కొవ్వు, తెల్ల అన్నం మీదే ఆధారపడిన తిండి అన్నీ కలుస్తాయి. కూల్ డ్రింకు ఒక్కటే చేసిందని నేను అనను. కానీ మీ పిల్లవాడికి వంశం వైపు నుంచి వచ్చే ముప్పును మనం తీసేయలేం. సీసా వైపు నుంచి వచ్చేదాన్ని తగ్గించగలం.

ఇక గోడ సంగతి. దీని గురించి నాకు ఒక అనుభవం ఉంది. నేను చిత్తూరు జిల్లాలో హెల్త్ ఎడ్యుకేటర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. పలమనేరు వైపు ఒక పల్లెలో, ఆరో తరగతి పిల్లల దగ్గరికి ఒక అట్ట పట్టుకుని వెళ్లాను. చిప్సు, చాక్లెట్లు, కూల్ డ్రింకుల కవర్ల నుంచి పేర్లు ఉన్న భాగం కత్తిరించేసి, వట్టి రంగు ముక్కలు మాత్రం దాని మీద అతికించాను. ఎర్రది, నీలంది, పసుపు మీద పచ్చ గీత ఉన్నది, ఇలా పన్నెండు ముక్కలు. చూపించీ చూపించకముందే పిల్లలు పేర్లు అరిచేశారు. ఒక్కటీ తప్పు పోలేదు. వెనక బెంచీలో ఒక సన్నటి పిల్లవాడు అందరికంటే ముందు చెప్పేవాడు. "ఇవన్నీ తాగినావా నాయనా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. ఒక్కటి కూడా తాగలేదు, ఇంట్లో అంత డబ్బు లేదు. "మరి ఎట్లా తెలుసు?" అంటే, "బస్సు దిగేకాడ అంగడి గోడ మీద ఉండాయి కదా మేడం" అన్నాడు.

ఆ పిల్లవాడు రోజూ రెండుసార్లు ఆ గోడ చదివాడు. పాఠం కంటే శ్రద్ధగా చదివాడు. చేతిలో మొదటిసారి పది రూపాయలు పడిన రోజు ఏం కొంటాడో ఆ గోడే తేల్చేసి ఉంటుంది. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు, ఇది సరుకు అమ్ముకోవడానికి చెప్పే మాట అన్న సంగతే అర్థం కాదని మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. బొమ్మలో హీరో తాగి ఎగిరి దూకితే, తాగితే ఎగరొచ్చనే అనుకుంటారు. కొంచెం పెద్ద పిల్లలకు అది వ్యాపారమని తెలుసు. అయినా మనసు లాగుతూనే ఉంటుంది. పెద్దవాళ్లం మనమే ఆగలేకపోతున్నాం, పిల్లలనేం అంటాం?

మీ గోడ మామూలు గోడ కాదు. దాని ఎదురుగా బడి గేటు ఉంది. అందుకే ఆ సేల్స్‌మన్ మీ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మెయిన్ రోడ్డు మీద హోర్డింగ్ కావాలంటే దానికి చాలా డబ్బు పెట్టాలి, అనుమతులు తీసుకోవాలి. మీ గోడ నెలకు వెయ్యికి వస్తుంది. రోజుకు 33 రూపాయలు. దాని ముందు నుంచి రోజూ వందల మంది పిల్లలు నడుస్తారు. పైగా అంగడి మీది, వాళ్లు మిమ్మల్ని నమ్ముతారు. ఆరేళ్లుగా చిల్లర సరిగ్గా ఇచ్చి, కుళ్లిన పండు పక్కన పెట్టి మీరు సంపాదించుకున్న పేరు మీద ఆ లైటు బోర్డు వచ్చి కూర్చుంటుంది. వాళ్లు మీకు ఇస్తానన్నదానికంటే మీ దగ్గర తీసుకునేదే ఎక్కువ.

చట్టం కూడా మీ వైపే ఉందని మీవారికి చెప్పండి. బడిపిల్లల తిండి మీద, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో నిబంధనలు తెచ్చింది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న పదార్థాలను బడి గేటుకు ఏ వైపునైనా 50 మీటర్ల లోపల బడిపిల్లలకు అమ్మకూడదు. బడి చుట్టూ ఆ దూరంలో వాటి ప్రచారం కూడా చేయకూడదు. రోడ్డు దాటితే గేటు అన్నారు కాబట్టి మీ అంగడి ఆ 50 మీటర్లలోనే ఉంటుంది. తనిఖీకి ఎవరొస్తారులే అని సేల్స్‌మన్ అనొచ్చు. ఎవరైనా వచ్చిన రోజు ఆ బోర్డు మీద ఉండేది మీ పేరు. సిగరెట్లు, బీడీలు, ఖైనీల సంగతైతే ఇంకా గట్టిగా ఉంది. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపల అమ్మకూడదు, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ఎక్కడా అమ్మకూడదు. మీ అంగట్లో ఉంటే ఇవాళే తీసేయండి.

తీసేటప్పుడు పాన్ మసాలా సరాలు కూడా చూడండి. చాలా అంగళ్లలో ద్వారం నిండా తోరణాల్లా వేలాడేవి అవే. పొగాకు ప్రకటనలు నిషేధం కాబట్టి, అదే పేరు, అదే రంగు, అదే అక్షరాలతో ఏలకుల డబ్బాకో మరోదానికో ప్రకటన తీస్తారు. పెద్ద హీరో చేతిలో ఏలకు గింజ ఉంటుంది, జనం మనసులో గుట్కా మెదులుతుంది. మద్యం కంపెనీలు సోడా పేరుతోనూ, నీళ్ల సీసా పేరుతోనూ చేసేది ఇదే. ఇలాంటి ముసుగు ప్రకటనలు కుదరవని 2022లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. పొగాకు లేకున్నా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది. వక్కపొడి నమిలి నమిలి నోరు రెండు వేళ్లు పట్టనంతగా బిగుసుకుపోయినవాళ్లను నేను స్వయంగా చూశాను. అందులో ఒకడికి ఇరవై రెండేళ్లు. ముద్ద చిన్నగా చేసి, పళ్ల సందులో నుంచి లోపలికి నెట్టుకునేవాడు.

మనూళ్లో నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర సిగరెట్లు, గుట్కా, మద్యం ఉంటే కొండపైకి పోనివ్వరు. యాత్రికులు మారుమాట లేకుండా అక్కడే వదిలేసి వెళ్తారు. కొండ కోసం ఇంత క్రమంగా ఉండగలిగినవాళ్లం, కింద మన పిల్లలు చదివే బడి ముందు ఎందుకు ఉండలేకపోతున్నాం?

పక్క అంగడి సంగతి అడిగారు. అవును, పెట్టించుకోవచ్చు. నేనొక్కదాన్నీ ఏం చేయగలను అన్న మాట సిగరెట్ల విషయంలో కూడా అందరూ అన్నారు. 1996 క్రికెట్ ప్రపంచ కప్పుకు సిగరెట్ బ్రాండు పేరే పెట్టారు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని ఆ పేరు వింటూ ఆట చూశాం, తప్పని ఎవరికీ అనిపించలేదు. 2003లో చట్టం వచ్చింది, హోర్డింగులు పోయాయి, పెట్టెల మీద బొమ్మల హెచ్చరికలు వచ్చాయి, 2016 నుంచి ఆ హెచ్చరిక పెట్టెలో 85 శాతం నిండింది. దేశంలో పొగాకు వాడే పెద్దవాళ్లు 2009–10లో 34.6 శాతం ఉంటే, 2016–17 సర్వేకి 28.6 శాతానికి తగ్గారు. ఒక్క ప్రకటనలు ఆపినందుకే తగ్గిందని చెప్పను, పన్నులూ హెచ్చరికలూ కలిసి పనిచేశాయి. కానీ కళ్లముందు నుంచి బొమ్మ పోవడం ఆ పనిలో పెద్ద భాగం. చిలీ దేశంలో 2016లో చక్కెర ఎక్కువున్న సీసాల మీద నల్లటి హెచ్చరిక ముద్రలు వేయించి, పిల్లలను ఉద్దేశించిన ప్రకటనలు కట్టడి చేస్తే తీపి పానీయాల కొనుగోళ్లు సుమారు నాలుగో వంతు తగ్గాయి.

ఒక్కరే నిలబడ్డా ఏం జరుగుతుందో మన తెలుగు డాక్టరు ఒకామె చూపించారు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్, ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అమ్ముతున్న తీపి డ్రింకుల మీద ఏళ్ల తరబడి పోరాడారు. వాంతులు విరేచనాలైన పిల్లలకు అవి పడితే చక్కెర ఎక్కువై ఒంట్లో నీరు ఇంకా పోతుందని మొత్తుకున్నారు. చివరికి 2025 అక్టోబర్‌లో, సరైన ఫార్ములా లేని పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. మీ అంగట్లో అలాంటి పాత అట్టపెట్టె ప్యాకెట్లు మిగిలి ఉంటే అమ్మకండి. ఎవరైనా పిల్లకు విరేచనాలని వస్తే, లీటరు నీళ్లలో కలిపే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ కొనమనండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు, ఆశా కార్యకర్త దగ్గరా ఉంటుంది. ఈ ఒక్క మాట మీ అంగడి నుంచి వెళ్లినా ఒక ఇంటికి మేలు జరుగుతుంది.

ఇప్పుడు మీ అబ్బాయి. తిట్టి లాభం లేదు, దాచినా లాభం లేదు. వాడికి పదేళ్లు, గుణకారం వచ్చు. ఆ తెలివినే వాడుకోండి. వాడికి ఇష్టమైన మామిడి డ్రింకు సీసా ఒకటి, స్టీలు గ్లాసు, చక్కెర డబ్బా, టీ చెంచా తెచ్చుకుని ఇద్దరూ నేల మీద కూర్చోండి. సీసా వెనక చీమ తలకాయంత అక్షరాలుంటాయి, వాడి కళ్లకు కనిపిస్తాయి, వాడినే చదవమనండి. 100 మిల్లీలీటర్లకు చక్కెర ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. 13 అని ఉందనుకోండి. 200 మిల్లీలీటర్ల సీసాకు ఎంత? వాడే చెబుతాడు, 26. టీ చెంచాకు సుమారు 4 గ్రాములు. ఆరు చెంచాలు, పైన మరో అర. ఒక్కొక్కటీ లెక్కపెడుతూ గ్లాసులో వేయమనండి. అడుగున తెల్లగా పేరుకున్న ఆ చక్కెరను కాసేపు చూడనివ్వండి. మీరు నోరు విప్పొద్దు. తర్వాత అందులో మామిడి ఎంత శాతమో వెతకమనండి.

ఆ శాతం దగ్గర కొంచెం ఆగండి. అది మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కథ. జూన్, జులై నెలల్లో బంగారుపాళ్యం, దామలచెరువు దారుల్లో తోతాపురి కాయల ట్రాక్టర్లు చూసే ఉంటారు. 2025లో ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 వచ్చేలా చేయాల్సి వచ్చింది. ఆ కాయే గుజ్జుగా మారి, నీళ్లూ చక్కెరా కలుపుకుని సీసాలో మీ అంగడికి తిరిగి వస్తుంది. పండ్ల పానీయం అని పేరు పెట్టుకోవడానికి మామూలుగా 10 శాతం పండు ఉంటే చాలు. సీసా మీద మాత్రం రసం కారుతున్న పండు నిండుగా ఉంటుంది. చిత్తూరు జిల్లా గడ్డ మీద పుట్టిన పిల్లవాడికి సీజన్‌లో ఒక కాయ కోసి ఉప్పూకారం చల్లి ఇవ్వండి, తేడా వాడి నాలుకే చెబుతుంది.

ఇంకొకటి చూడండి. ఇరవై రూపాయల ఎనర్జీ డ్రింకులు హైస్కూలు పిల్లలు బాగా కొంటున్నారు. వాటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు. 250 మిల్లీలీటర్ల సీసాకు 75. ఒక కప్పు ఇన్‌స్టంట్ కాఫీలో ఉండేదానికంటే ఎక్కువ. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదని ఆ సీసా మీదే రాసి ఉండాలి, రాసే ఉంటుంది. యూనిఫాం వేసుకున్న పిల్లవాడు అడిగితే ఆ అక్షరాలు చూపించి ఇవ్వనని చెప్పండి. పిల్లలు అలుగుతారు, నాలుగు రోజుల్లో మళ్లీ పెన్సిలు కోసం మీ దగ్గరికే వస్తారు.

ఫ్రిజ్ గురించి. అది ఊరికే వచ్చేది కాదు. కరెంటు బిల్లు మీది, ఫ్రిజ్ వాళ్లది, ఏ అరలో ఏ సీసా ఉండాలో వాళ్లే చెబుతారు, అమ్మకం తగ్గితే పట్టుకుపోతారు. కాగితం మీద సంతకం పెట్టమంటే ఇంగ్లీషులో ఉందని ఊరుకోకుండా చదివించుకోండి. నా సలహా, కొద్దిరోజులు ఆగి సెకండ్ హ్యాండ్‌లో చిన్న ఫ్రిజ్ ఒకటి మీరే కొనుక్కోండి. పాలు, పెరుగు ప్యాకెట్లు పెట్టుకుంటే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు రోజూ వస్తారు. కుండలో మజ్జిగ చేసి, అల్లం, కరివేపాకు వేసి గ్లాసు పదికి ఇవ్వండి. ఉడికించిన శనగల గుగ్గిళ్లు, వేయించిన శనక్కాయలు, బొరుగుల్లో ఉల్లిపాయ, టమోటా వేసి పొట్లాలు కట్టి, కాలం బట్టి జామకాయలు. వీటిని పిల్లల కంటికి ఎదురుగా ఉండే అరలో పెట్టండి. చిప్సు సరాలు లోపలికి, మీ వెనక్కి జరపండి. రోజుకు 33 రూపాయలు మిగలాలంటే ఎన్ని పొట్లాలు పోవాలో మీవారితో కూర్చుని కాగితం మీద లెక్క వేయండి. అంత పెద్ద సంఖ్యేమీ రాదు. మొదటి నెల తగ్గొచ్చు, అది దాచి చెప్పను.

పక్క అంగడివాళ్లతో కూడా ఒకసారి మాట్లాడండి. వాళ్లకూ పిల్లలుంటారు. వినకపోతే గొడవ పడకండి. బడి హెడ్మాస్టరు గారిని, పాఠశాల యాజమాన్య కమిటీలోని తల్లిదండ్రులను కలిసి 50 మీటర్ల నిబంధన గుర్తుచేయండి. ఆ మాట బడి నుంచి వస్తే బరువు వేరు. టీవీలోనో ఫోన్‌లోనో తప్పుదోవ పట్టించే ప్రకటన కనిపిస్తే 1915కు ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అలాంటి ప్రకటన ఇచ్చిన కంపెనీకి 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం నేను పైన చెప్పిన కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థకు ఉంది.

సేల్స్‌మన్ మళ్లీ వస్తాడు. ఆ పిల్లవాడి మీద కోపం వద్దు, వాడికీ నెలాఖరుకు టార్గెట్ టెన్షన్ ఉంటుంది. "తమ్ముడూ, బోర్డు నేనే రాయించుకుంటాను, గోడ బడిపిల్లలకు మాట ఇచ్చేశాను" అని చెప్పండి. అది నిజం చేయడం కూడా కష్టం కాదు. గోడకు సున్నం కొట్టించి, డ్రాయింగ్ సారును అడిగితే పిల్లల చేత ఒక మామిడిచెట్టో, ఎక్కాల పట్టికో వేయిస్తారు. పైన బోర్డుకు పెయింటర్ చేత మీ పేరు రాయించండి, పక్కన మజ్జిగ గ్లాసు బొమ్మ.

చెంచాల లెక్క మాత్రం ఆలస్యం చేయకండి. ఈ ఆదివారం మధ్యాహ్నం అంగట్లో రద్దీ లేనప్పుడు చేయండి. మామగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మీ అబ్బాయి ఆ గ్లాసు చూసి ఏమన్నాడో నాకు రాయండి.